క్లబ్బు రిసీవర్‌కు ఒక ఫీడ్ పంపు

1986 అక్టోబరులో, బోధన్ చెరకు పొలాల మధ్యనున్న ఒక ప్రైవేటు చక్కెర ఫ్యాక్టరీలో నన్ను పర్చేజ్ ఆఫీసరుగా వేశారు. ఫ్యాక్టరీ పేరు రాయడం లేదు. ఇప్పుడు దాని గేటుకు తాళం ఉంది, తాళానికి తుప్పు ఉంది.

పర్చేజ్ ఆఫీసరు పని బయటివాళ్లు అనుకునేంత రుచికరమైంది కాదు. ఏ విభాగానికి ఏది కావాలన్నా వాళ్లు ఇండెంటు రాస్తారు. నేను మూడు దుకాణాల నుంచి కొటేషన్లు తెప్పించి, ఒకే కాగితం మీద పక్కపక్కన వేసి, అడిగిన లక్షణాలన్నీ ఉన్నవాటిలో తక్కువ ధర ఎవరిదో చూసి ఆర్డరు ఇస్తాను. అడిగిన లక్షణాల జాబితాకు స్పెసిఫికేషన్ అని పేరు. అందులో రాసింది వస్తుంది, రాయనిది రాదు. ఈ రెండో ముక్క విలువ నాకు ఫ్యాక్టరీలోని ఏ యంత్రమూ నేర్పలేదు. ఆఫీసర్ల క్లబ్బుకు కొన్న పాటల పెట్టె నేర్పింది.

అప్పటి మా చీఫ్ కెమిస్టు విఠల్‌రావు గారు. చెరకు రసం చక్కెర అయ్యేదాకా జవాబుదారీ ఆయనది. హోదాలో చీఫ్ ఇంజనీరు కులకర్ణి గారితో సమానం. ఆ సమానత్వాన్ని ఇద్దరూ రోజూ కొలుచుకునేవారు. విఠల్‌రావు గారి దగ్గర నూట నలభై గ్రామఫోను రికార్డులు, వాటిని తిప్పే ప్లేయరు ఉండేవి. ప్లేయరు తిప్పుతుందే కానీ వినిపించదు. వినిపించే పనిని ఆయన పాత వాల్వు రేడియో చూసుకునేది. అది కాలిపోయి రెండేళ్లయింది.

ఆ సీజను చివర, మిల్లు ఆగిన రోజున ఆయన రిటైర్ కావాలి. నిజామాబాదులో అద్దెకు చూసుకున్న రెండు గదుల్లో రికార్డులకు చోటు లేదు. అందుకని ప్లేయరుతో సహా అన్నీ క్లబ్బుకు ఇస్తానన్నారు, ఒక షరతు మీద. క్లబ్బు ఒక రిసీవరు కొనాలి. అంటే రేడియో, ఆంప్లిఫయరు ఒకే పెట్టెలో ఉండే సరంజామా. వీడ్కోలు సభనాడు రికార్డులు దాని మీద సరిగ్గా మోగాలి. మోగకపోతే మొత్తం ఆయనకు చెల్లెలి వరసయ్యే బావమరిది భార్యకు వెళ్తాయి.

ఆమె కళాకారిణి. రికార్డును వేడినీళ్లలో మెత్తబెట్టి, బోర్లించిన గిన్నె మీద వేసి ఒత్తి, అంచులు మడతలు పడ్డ పూలకుండీ చేస్తుంది. అప్పటికి ముప్పై చేసిందట. “ఆమెకు పాట వద్దు, ప్లేటు కావాలె. నాకు పాట కావాలె, వినొస్తలేదు. ఇద్దరిల ఒక్కరన్న సుఖపడనీ” అన్నారు విఠల్‌రావు గారు.

క్లబ్బుకు అధ్యక్షుడు కులకర్ణి గారు, కార్యదర్శిని నేను. జనరల్ మేనేజరు మంజూరు చేసిన మొత్తం నాలుగు మంచి సైకిళ్లు వచ్చేంత. కనుక విదేశీ సరుకు మాట ఎవరూ ఎత్తలేదు. స్పెసిఫికేషన్ రాయడానికి కూర్చున్నాం. కులకర్ణి గారు ముప్పై ఏళ్లుగా పంపులు కొన్న మనిషి. ఆయన మొదటి ప్రశ్న, ఎన్ని వాట్లు.

నేను ఇరవై అన్నాను.

“ఇరవై వాట్లు అంటె బల్బు. మిల్లు నడుస్తుంటె వినపడాలె గదా! పవర్ తక్కువ పెడితె రేపు మీరే ఏడుస్తరు.”

వంద వాట్లు రాశాం. సూదులు కదిలే మీటర్లు రెండు ఉండాలన్నారు, రాశాం. రేడియో, టేపురికార్డరు తగిలించే చోటు, చెక్క పెట్టె, ఏడాది గ్యారంటీ, ఎలుక దూరని జాలీ. మొత్తం పద్నాలుగు లక్షణాలు. దీన్ని రికార్డు ప్లేయరుకు తగిలించాలి అనే ముక్క ఎవరూ రాయలేదు. అది అందరికీ తెలుసు. అందరికీ తెలిసినదాన్ని ఎవరూ రాయరు.

తక్కువ ధర నిజామాబాదులోని ఒక దుకాణానిది. సరుకు పంపేముందు మేమే వెళ్లి తనిఖీ చేయడం మా పద్ధతి. పంపు అయితే దుకాణంలోనే నీళ్లు పెట్టి చూస్తాం. ఇక్కడ నీళ్ల బదులు రేడియో పెట్టాం. వార్తలు మొదలయ్యాయి. అద్దాల బీరువా వణికింది, రోడ్డు మీద ఆటో ఒకటి ఆగింది. కులకర్ణి గారు పెట్టె మీద అరచెయ్యి ఆనించి, బేరింగు చూసినట్టు, వేడీ వణుకూ చూశారు. బాగుందన్నారు. ‘తనిఖీ చేయడమైనది, తృప్తికరము’ అని రాసి నేను సంతకం పెట్టాను. నా ఉద్యోగంలో అంత ధైర్యంగా పెట్టిన సంతకం మరొకటి లేదు.

మిల్లు ఆగడానికి పన్నెండు రోజులుందనగా రిసీవరు క్లబ్బుకు చేరింది. విఠల్‌రావు గారు ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చారు. రికార్డు తుడిచి, ముల్లు దించారు. జిల్లాలో ఆ కొసనున్న బాల్కొండలో ఎవరో పాడుతుంటే ఈ కొసనున్న మోస్రాలో కూర్చుని విన్నట్టు వినిపించింది. వాల్యూము చివరిదాకా తిప్పితే పాట కొంచెం పెరిగింది, తుమ్మెద రొద చాలా పెరిగింది. పాడేవాడికి గొంతు ఉంది, ఛాతీ లేదు. మీటరు సూదులు నిద్ర లేవలేదు.

కులకర్ణి గారు అద్దం మీద వేలితో కొట్టి, “మీటరు జామ్ అయింది” అన్నారు.

విఠల్‌రావు గారు కళ్లద్దాలు తీసి తుడుచుకున్నారు. “మా చెల్లెకు కార్డు రాస్త. నీళ్లు కాగబెట్టుకొమ్మని” అన్నారు.

మర్నాడు ప్లేయరును తువ్వాలులో చుట్టి, ఒళ్లో పెట్టుకుని నిజామాబాదు బస్సెక్కాను. ముందు దుకాణానికి వెళ్లాను. యజమాని మర్యాదస్తుడు. టీ తాగించి, మా స్పెసిఫికేషన్ నా ముందు పెట్టి, “సార్, మీరు రాసిన పద్నాలుగూ ఉన్నయి. పదిహేనోది ఏమన్న రాసిండ్రా?” అని అడిగాడు. రాయలేదు. పైగా తృప్తికరమని రాసింది నేనే. తనిఖీలో పాసైన సరుకు తిప్పి పంపకూడదని మా నియమావళిలోనే ఉంది.

అక్కణ్నుంచి పసుపు మార్కెట్ యార్డు పక్కన సాయన్న దగ్గరికి పోయాను. సాయన్న పెళ్లిళ్లకు మైకుసెట్లు పెడతాడు, చెడితే తనే విప్పుకుంటాడు. సంగతంతా విన్నాడు.

“కొనేటప్పుడు ఏం పెట్టి సూసిండ్రు సారూ?”

“రేడియో.”

“ప్లేయరు యాడుండె అప్పుడు?”

“క్లబ్బుల.”

“పెండ్లిచూపులకు పోయి పిల్లను ఇడిసి పిల్ల మేనమామను సూసి ఒప్పుకొని వచ్చిండ్రన్నట్టు.”

సాయన్న యార్డులో ఆరబోసిన పసుపు రాశుల వైపు చెయ్యి చూపించాడు. “పచ్చి పసుపు కొమ్ము తవ్వి తెచ్చి సక్కగ పిండిమరల పోస్తరా? ఉడకవెట్టాలె, ఎండవెట్టాలె, గప్పుడు మర. ప్లేటు మీది పాట గసుంటిదే, పచ్చిది. సన్నగుంటది. పైంగ ప్లేటు కోసేటప్పుడే మంద్రం తగ్గించి కోస్తరు, లేకుంటె గీత గీతను ఒరుసుకుంటది. తగ్గించింది మల్ల నింపెటందుకు పెట్టె ఎనుక వేరే తొవ్వ ఉండాలె. ఫోనో అని రాసి ఉంటది. మీ దానికి గా తొవ్వ లేదు. రేడియో అంటె ఉడికిన పసుపు, అందుకే మంచిగ మోగింది.”

ఫోనో తొవ్వ ఉన్న ఇరవై వాట్ల పెట్టె మేం కొన్నదానికంటే చౌకగా వచ్చేదని కూడా చెప్పాడు. ఆ సమాచారాన్ని నేను కులకర్ణి గారికి చాలా ఏళ్లు చెప్పలేదు.

మందు ఒకటే. ఆ ఉడకబెట్టే పని చేసే చిన్న డబ్బాను ప్లేయరుకూ రిసీవరుకూ మధ్య తగిలించాలి. తయారుచేసి ఇవ్వడానికి సాయన్న వారం అడిగాడు. కానీ ఇండెంటు లేకుండా నేను గుండుసూది కూడా కొనలేను. ఇండెంటు మీద సంతకం పెట్టాల్సింది క్లబ్బు అధ్యక్షుడు. తన వంద వాట్ల యంత్రానికి ఇంకో డబ్బా కావాలంటే ఒప్పుకునే మనిషి కాదాయన.

పసుపు సంగతి చెప్పి చూశాను. పనిచేయలేదు. అప్పుడు, పెద్ద పంపు పీల్చుకోలేనంత సన్నగా నీరు వస్తుంటే దాని ముందు ఏం పెడతారు సార్ అని అడిగాను.

“అరే, ఫీడ్ పంపు! గది ముందే చెప్పొద్దా?” అని కలం తీశారు. ‘ఫీడ్ పంపు, చిన్నది, ధ్వనికి, ఒకటి’ అని తానే స్వయంగా రాసి సంతకం పెట్టారు. అలాంటి వస్తువు చేసేవాడు జిల్లాలో ఒక్కడే కనుక మూడు కొటేషన్లు అక్కర్లేదని కింద నేను రాశాను. అది అబద్ధం కాదు.

సాయన్న డబ్బా సబ్బుపెట్టె అంత ఉంది. దాని పక్క నుంచి ఒక సన్న తీగ వేలాడుతోంది. “గిది ఎర్తుది. దీన్ని ఇడిసిపెట్టిండ్రో, మల్ల తుమ్మెద పాటే” అని రెండుసార్లు చెప్పి పంపాడు.

మిల్లు ఆగే రోజు ఆఖరి చెరకు కట్టకు దండ వేసి, కొబ్బరికాయ కొట్టి లోపలికి పంపుతారు. అది నలిగిపోయాక కూత పొడుగ్గా మోగుతుంది. ఆ తర్వాత వచ్చే నిశ్శబ్దం కొత్తవాళ్లను భయపెడుతుంది. అయిదు నెలలు మిల్లు మోతలో అరిచి మాట్లాడిన మేం, ఆ సాయంత్రం క్లబ్బులో పక్కవాడితో కూడా అరుస్తూనే ఉన్నాం. విఠల్‌రావు గారు ముల్లు దించగానే ఆ అరుపులు ఆగాయి. పాడేవాడికి ఛాతీ వచ్చింది. పల్లవికీ చరణానికీ మధ్య ఊపిరి తీసుకోవడం కూడా వినబడింది. ఆయన లేచి వెళ్లి, ఊపిరి తీసుకున్న చోటికి ముల్లు మళ్లీ జరిపి ఇంకోసారి విన్నారు. జనరల్ మేనేజరు ప్రసంగం కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు.

వాల్యూము పావు వంతు దాటలేదు. మీటరు సూది రెండో గీత దగ్గర ఊగింది. కులకర్ణి గారు ఆ సూదినే చూస్తూ నా చెవిలో, “ఇంక తొంభై వాట్లు స్టాండ్‌బైల ఉన్నయి” అన్నారు, గర్వంగా.

రెండు రికార్డులు పూర్తిగా విన్నాక విఠల్‌రావు గారు దానపత్రం మీద సంతకం పెట్టారు. నూట ముప్పై తొమ్మిది రికార్డులు. బీట పడ్డది ఒకటి వాళ్ల చెల్లెలికి పంపారు. తుక్కు కింద గేట్ పాస్ నేనే రాశాను.

నాలుగేళ్ల తర్వాత స్టాకు తనిఖీకి వచ్చిన అధికారి ఒక ఫీడ్ పంపు కోసం బాయిలర్ హౌసంతా రోజున్నర వెతికాడు. చివరికి క్లబ్బుకు తీసుకెళ్లి చూపించాను. హార్స్‌పవర్ ఎంత అని అడిగాడు. రికార్డు వేసి వినిపించాను. టిక్కు పెట్టి, రెండో వైపు కూడా వేయమన్నాడు.

ఆ తర్వాత, చక్కెర తీశాక మిగిలే చిక్కటి మడ్డిని తోడే పంపులు కొన్నప్పుడు తనిఖీకి మా మడ్డి డబ్బాల్లో పట్టుకెళ్లాను. నీళ్లతో ఉరకలేసిన రెండు పంపులు మడ్డి పోయగానే మొరాయించాయి. రిటైరయ్యేదాకా నేను రాసిన ప్రతి స్పెసిఫికేషన్‌లో మొదటి వరుస ఒకటే, ఈ సామాను ఏ పనికి. వాట్లు, హార్స్‌పవర్లు రెండో వరుస నుంచి.