ఎవలు పోయిండ్రు?

మా అవ్వకు, అదే మా అమ్మకు, ఫోనెత్తి హలో అనడం ఎన్నడూ అలవాటు కాలేదు. తెలియని నంబర్ మోగితే చాలు, పైట చెంగుతో చెయ్యి తుడుచుకుని, ఫోనెత్తి, "ఎవలు పోయిండ్రు?" అని అడిగేది.

అవతల ఉండేది క్రెడిట్ కార్డు అంటగట్టే పిల్ల. పాపం, ఆమెకు నేర్పిన పాఠంలో ఈ ప్రశ్నకు జవాబు ఉండదు. ఎవరూ పోలేదు మేడమ్, మీకు కార్డు మంజూరైంది అనేది. ఎవరూ పోలేదని తేలగానే అవ్వకు ప్రాణం లేచొచ్చేది. ఇక ఆ పిల్లను వదిలేది కాదు. ఏ ఊరు, తిన్నవా, లగ్గమైందా అని ఆరా తీసేది. చివరికి విసిగిపోయి ఫోన్ పెట్టేసేది ఆ పిల్లే.

బోధన్ రోడ్డు మీద ప్లాట్లమ్మే అతను పార్కు, క్లబ్‌హౌసు అని వరుసపెట్టి చదువుతుంటే, వానాకాలం మోకాటి లోతు నీళ్లు నిలిచే మడి కదా అది, అక్కడ ఇల్లెట్లా కడతారని అడిగింది. అతను మళ్లీ ఫోన్ చేయలేదు. మిగతావాళ్లకు ఆ మాత్రం సిగ్గు కూడా లేదు. ఎన్నికలప్పుడు ఒక లీడరు రికార్డు చేసిన గొంతుతో నమస్కారం పెట్టాడు. ఎవరు పోయారని అవ్వ అడిగితే రోడ్లేయించానన్నాడు. మళ్లీ అడిగితే పింఛన్ల సంగతి ఎత్తుకున్నాడు. ఎదురుగా దొరికినా ఆయన అడిగినదానికి చెప్పే రకం కాదు కనుక, రికార్డే నయమనుకున్నాను.

అవ్వ ప్రశ్న ఊరికే పుట్టలేదు. నందిపేట్‌లో మా పెద్దమ్మ పోయినప్పుడు, ఆ గడబిడలో కబురు పక్కింటివాళ్ల ఫోన్ నుంచి చేశారు. కొత్త నంబర్ కదా అని అవ్వ ఎత్తలేదు. మేం వెళ్లేసరికి మట్టి చేసి తిరిగొస్తున్నారు. అక్క కడచూపు దక్కలేదన్న బాధ అవ్వను ఆ తర్వాత వదల్లేదు. ఇంతలో బోధన్‌లో మా మేనమామ మంచాన పడ్డాడు. అవ్వకు మిగిలింది ఆ ఒక్క తమ్ముడే. వారం వారం బస్సెక్కి పోయి చూసొచ్చేది గానీ, ఇంట్లో ఉన్నంతసేపూ చెవులు ఫోన్ మీదే.

నాకు మాత్రం ఒళ్లు మండేది. స్నానానికి పోతే లోను, అన్నం ముందు కూర్చుంటే ఇన్సూరెన్సు. ఒకనాడు తెలియని నంబర్లు మోగకుండా అవ్వ ఫోన్‌లో సెట్టింగు మార్చేశాను. ఇల్లు చల్లబడింది. ఆ చల్లదనమే అవ్వకు అనుమానం తెప్పించింది. ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది.

మామ నంబర్ మోగుతుంది కదా, ఇంకెవరిది కావాలని అడిగాను.

"పోయినోడే ఫోన్ జేసి చెప్తడారా? ఎవలో పరాయోళ్లే చెప్తరు. తియ్యి గది."

ఆ సెట్టింగు తీసేశాను. లోన్లవాళ్లంతా పెళ్లికి పిలిచినట్టు తిరిగొచ్చారు.

అవ్వకు చదువు రాదు. అందుకే మామ నంబర్‌కు ఆయన ఫొటో పెట్టాను, చెరుకు బండి ముందు రుమాలు చుట్టుకుని నిలబడ్డప్పటిది. అది కనబడితే ఎవరు పోయారని అడిగేది కాదు, తమ్ముణ్ణి తిట్టడంతోనే మొదలుపెట్టేది.

మొన్న చెరుకు నరికే రోజుల్లో, ఒక పొద్దున అవ్వ చిక్కుడుకాయలు తుంచుతుంటే ఆ ఫొటో వెలిగింది. అప్పటికి మామకు మాట్లాడే ఓపిక పోయి చాలా రోజులైంది. అవ్వ సంబరంగా నా వైపు చూసి, వాడే చేస్తున్నాడు, లేచి కూర్చున్నట్టున్నాడు అంది.

"ఏం రా తమ్మీ, ఇన్నొద్దులకు నేను యాదికొచ్చిన్నా?"

అవతల మాట్లాడింది మామ కోడలు. ఆమె చేతికందిన ఫోన్ అదే.

ఈసారి కడచూపు దక్కింది. మేం వెళ్లేదాకా ఆపారు. అవ్వ ఏడుస్తూనే, తమ్ముడే ఫోన్ చేసి చెప్పాడని వచ్చినవాళ్లందరికీ చెప్పింది. ఎవరూ కాదనలేదు. నాకూ కాదనే ధైర్యం లేకపోయింది.

కార్డుల పిల్లలు ఇప్పటికీ చేస్తూనే ఉన్నారు, వాళ్లకేం చావా, పుట్టుకా. అవ్వ వాళ్లనిప్పుడు ఏమీ అడగదు. మంచిగున్నవా బిడ్డా అంటూ నిమ్మళంగా ముచ్చట పెడుతుంది. నిన్న బజారులో ఉండి, పాలు తేవాలా అని అడుగుదామని ఇంటికి ఫోన్ చేశాను. నా నంబర్‌కూ ఫొటో ఉంది. చాలాసేపు మోగాక ఎత్తింది.

"ఎవలు పోయిండ్రు?" అంది.