దీనికెవురు చెప్పినారు?

తిరుపతిలో మా ట్రావెల్స్ ఆఫీసుకు ఆయన మేనేజరు. ఏ డ్రైవరు ఏ బండి తీయాలో చెప్పడం ఆయన పని. యజమాని ఆన్‌లైన్ క్యాలెండర్ పెట్టించాక ఆ సంగతి డ్రైవర్ల ఫోన్లకు మెసేజ్‌గా దానంతటదే వెళ్లేది. మెసేజ్ వెళ్లిన ప్రతిసారీ ఆయన కంప్యూటర్ వైపు దొంగను చూసినట్టు చూసి, "దీనికెవురు చెప్పినారబ్బా?" అనేవాడు. తర్వాత గోడ క్యాలెండర్లో రాహుకాలం చూసుకుని, డ్రైవర్‌కు తనే మళ్లీ ఫోన్ చేసేవాడు.

ఒకరోజు యజమాని తన సొంత పనొకటి అందులో ఎక్కించాడు. అది అందరికీ పోతుందని యజమానికి తెలియదు. మా ఫోన్లన్నీ ఒక్కసారే మోగాయి: "శుక్రవారం పదకొండుకు కొత్త మేనేజర్ ఇంటర్వ్యూ."

మేనేజరు రెండుసార్లు చదువుకుని గోడవైపు తిరిగాడు.

"పదకొండుకు రాహుకాలం ఉండాదప్పా. తొమ్మిదికి పెట్టుకోమను," అన్నాడు.

దానికెవరు చెప్పారని మాత్రం అడగలేదు.