'పానీ' అని చదివిన పాప

మా మేడమ్ పోయారని ఢిల్లీ పక్క ఇందిరాపురం నుంచి వాళ్ళమ్మాయి ఫోన్ చేసింది. "దీదీ, మమ్మీ పొద్దున..." అంది. ఫోన్ పెట్టేశాక నాకు మొదట గుర్తొచ్చింది ఆవిడ చప్పట్లు. ఏడుపు ఆ తర్వాతే వచ్చింది.

ఢిల్లీలో నేను టీచర్ ట్రైనింగ్ చేస్తున్నప్పుడు, పిల్లలకు చదవడం ఎంతవరకూ వచ్చిందో ఎలా తెలుసుకోవాలో నేర్పింది ఆవిడే. రాజమండ్రి మనిషి. పాఠం హిందీలో చెప్పేవారు. సంతోషం పట్టలేకపోతే మాత్రం తెలుగే, వినేవాళ్ళకు వచ్చినా రాకపోయినా! "తప్పు కనపడగానే ఎర్రపెన్ను తీయకండి. ఆ తప్పు పిల్ల ఎందుకు చేసిందో అడగండి" అనేవారు.

ప్రాక్టీసుకు వెళ్ళిన బడిలో మూడో తరగతి పాప ఒకతె ఉండేది. "దీనికి చదవడం రాదు, చిన్నపిల్లల్లో కూర్చోబెడతాం. మీరూ ఒకసారి చూడండి" అన్నారు క్లాస్ టీచర్. వరండాలో కూర్చోబెట్టి, మేడమ్ పక్కనుండి చూస్తుండగా, హిందీ కథ ఒకటి చదివించాను. వేలు పెట్టుకుని, ఆగి ఆగి చదువుతోంది. మేక 'జల్' తాగింది అని పుస్తకంలో ఉంటే, 'పానీ' తాగింది అని చదివింది! రెండు మాటలకూ అర్థం నీళ్ళే.

ఉత్త అక్షరాలు కూడబలుక్కునే పిల్లకు 'జల్' చూస్తే 'పానీ' ఎక్కణ్ణుంచి వస్తుంది?

"మేడమ్, దీనికి కథ అర్థమవుతోంది!"

"అదీ! చదివేస్తోందే తల్లీ, చదివేస్తోంది!" అని ఆవిడ చప్పట్లు కొట్టేశారు. పాప బెదిరిపోయి పుస్తకం మూసేసింది. "అరే బేటా, మూసేస్తే ఎలా? బక్రీ కా క్యా హువా?" అని, మేకకేమైందో చెప్పమని బతిమాలితే, నవ్వి, మేక కథంతా చేతులు తిప్పుతూ చెప్పింది.

మేడమ్ క్లాస్ టీచర్ను పిలుచుకొచ్చి మళ్ళీ చెప్పించారు. "నడక నెమ్మదే. కానీ దారి తెలుసు. రోజూ కాస్త చదివించండి చాలు" అన్నారు. ఆ టీచర్ చివరిదాకా విని, "అచ్ఛా!" అని పాప తల నిమిరారు. పాప తన తరగతిలోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం మెట్రోలో మా ఎదురుగా ఒక చిన్నపిల్ల అమ్మ ఒళ్ళో నిలబడి, తలుపు మీద స్టేషన్ల పేర్లు కూడబలుక్కుంటోంది. మేం దిగాల్సిన చోట తలుపులు తెరుచుకున్నాయి. నేను లేచాను. మేడమ్ నా చున్నీ కొంగు పట్టుకుని లాగి, "ష్, ఉండమ్మాయ్, తర్వాతది ఎలా చదువుతుందో చూద్దాం" అంటూ ముందుకు వంగారు. తలుపులు మూసుకున్నాయి.