బేస్‌మెంట్ విముక్తి ఒప్పందం

మా బావ దైవాశీర్వాదం ‘కాదు’ అనే మాట గురించి ఇంగ్లీషులో నాలుగు వందల పేజీలు రాశాడు గానీ, నోటితో ఒక్కసారి ఆ మాట అనలేకపోయాడు. ఆయన గురించి ఎవరడిగినా నేను ముందు ఈ సంగతే చెబుతాను. మంచివాడని ఆ తర్వాత చెబుతాను, అదీ నిజమే కాబట్టి.

ఆయన గుంటూరులో ఒక కాలేజీలో పొలిటికల్ సైన్సు లెక్చరరు. మా అక్క రూతు నర్సు. డెబ్భై అయిదులో చికాగో ఆసుపత్రికి నర్సులు కావాల్సివచ్చి అక్క వచ్చింది, ఏడాది తిరిగాక ఆమె వీసా పట్టుకుని బావ వచ్చాడు. ఆ రోజుల్లో మావాళ్ళలో ఇలా పెళ్ళాల వెనక విమానమెక్కిన మొగుళ్ళు చాలామంది. నలుగురూ కలిస్తే ఇండియాలో తాము ఎంత పెద్ద కుర్చీలో కూర్చునేవాళ్ళో చెప్పుకుని నిట్టూర్చేవాళ్ళు. బావ నిట్టూర్చలేదు. యూనివర్సిటీ లైబ్రరీలో పుస్తకాలు తిరిగి అరల్లో సర్దే పనికి కుదిరి, రెండేళ్ళలో అక్కడే పిహెచ్‌డికి చేరిపోయాడు.

ఆయన ఎంచుకున్నది ఆస్ట్రియా. డెబ్భై తొమ్మిదిలో నేనూ నర్సునై వచ్చి వాళ్ళింట్లో దిగినప్పుడు, సూట్‌కేసు కింద పెట్టకముందే నాకా దేశం కథ మొదలుపెట్టాడు. యుద్ధం అయిపోయాక అమెరికా, రష్యా, బ్రిటను, ఫ్రాన్సు సైన్యాలు ఆ చిన్న దేశంలో దిగి కూర్చున్నాయట. రాజధాని వియన్నాని నాలుగు వాటాలు వేసుకుని, నడిబొడ్డున ఉన్న పేట మీద మాత్రం నెలకొకరు వంతులవారీగా పెత్తనం చేసేవారట. విముక్తి చేస్తామని అందరూ అంటారు, ఒక్కరూ కదలరు. పదేళ్ళు అలా గడిచాక, యాభై అయిదులో, మేము ఎవరి జట్టులోనూ చేరమని ఆ దేశం మాట ఇచ్చింది, సైన్యాలన్నీ మూటాముల్లే సర్దుకున్నాయి.

“ఒక్క తూటా పేలలేదు ప్రేమా! ఎలా సాధించారంటావ్?” అన్నాడు.

“ముందు బాత్‌రూమ్ ఎక్కడో చెప్పండి బావగారూ” అన్నాను.

ఆ ఇల్లు అక్క కొన్నది, అక్క పేరునే ఉంది. చికాగో పక్కన బెర్విన్‌లో ఇటుకల ఇల్లు. చూపించడానికి వచ్చిన ఏజెంటు వంటగదిని పొగుడుతుంటే అక్క వినిపించుకోకుండా బేస్‌మెంట్‌లోకి దిగి, లైటార్పేసి, చీకట్లో కాసేపు నిలబడిందట. ఆమెది నైట్ డ్యూటీ. మేడమీద పడకగది తూర్పు వైపు, పొద్దున్నే ఎండ మొహాన కొడుతుంది. బేస్‌మెంట్‌కి ఒక్క కిటికీ లేదు. ఇక్కడొక మంచం వేసుకుంటే సాయంత్రం దాకా పడుకోవచ్చని ఆ ఇల్లు కొంది. మడత మంచం కూడా కొంది. బావ తన రాతబల్ల, చెప్పుల అట్టపెట్టెల నిండా నోట్సు రాసిన కార్డులు తెచ్చి, “ఒక్క నెల, రూతూ, ఇవి సర్దుకునే దాకా” అని అక్కడ పెట్టుకున్నాడు. మంచం పెట్టెతో సహా గరాజ్‌లో గోడకి ఆనుకుని నిలబడింది.

ఇక మా సంఘం. ఎనభైలో చికాగోలో తెలుగు క్రైస్తవ కుటుంబాలు ఒక పన్నెండు ఉంటాయి. ఇంతమందికీ ఇద్దరు మహానాయకులు. ఒకరు జోసఫ్ గారు, కంటి డాక్టరు, గుంటూరు లూథరన్. పసిపిల్లల నెత్తిన గిన్నెతో నీళ్ళు పోస్తే బాప్తిస్మం పూర్తయిందనే పక్షం. రెండోవారు సత్యానందం గారు, ఉక్కు ఫ్యాక్టరీలో ఇంజినీరు, ఒంగోలు బాప్టిస్టు. ఎదిగిన మనిషిని నిలువునా ముంచితే తప్ప లెక్కలోకి రాదనే పక్షం. మా బావ లూథరన్. అక్కా నేనూ బాప్టిస్టులం. కాబట్టి మా ఇల్లు న్యాయంగా తమకే చెందుతుందని ఇద్దరికీ గట్టి నమ్మకం.

“ఒక్క ఆదివారం మీ బేస్‌మెంట్‌లో ఆరాధన పెట్టుకుందామా బ్రదర్?” అని జోసఫ్ గారు అడిగారు. బావ తలూపాడు. ఆ వారం లూథరన్లు పెట్టుకున్నారు గనక మరుసటి వారం బాప్టిస్టులు అడిగారు. బావ తలూపాడు. అంతే, అవతలివాళ్ళకి వదలడం ఇష్టంలేక రెండు పక్షాలూ ప్రతి ఆదివారం అక్కడే చేరడం మొదలుపెట్టాయి, నాలుగేళ్ళు గడిచిపోయాయి.

హార్మోనియం ఎవరు వాయించాలనే దగ్గర మొదటి యుద్ధం వచ్చింది. బావ వియన్నా చరిత్రంతా తిరగేసి, హార్మోనియం పెట్టె తాళంచెవి నెలకొకరి దగ్గర ఉండాలని తీర్పు చెప్పాడు. ఆ రోజు నుంచీ ప్రతి నెలా మొదటి ఆదివారం తాళంచెవి అప్పగింత ఉత్సవం. జోసఫ్ గారు జేబులోంచి తీసి రెండు వేళ్ళతో ఇస్తారు, సత్యానందం గారు చూపు ఎటో పెట్టి పుచ్చుకుంటారు. బావ మధ్యలో నిలబడి మురిసిపోయేవాడు.

శనివారం రాత్రంతా వార్డులో నిలబడి అక్క ఆదివారం పొద్దున ఎనిమిదింటికి ఇంటికొచ్చేది. తొమ్మిదింటికల్లా గుమ్మంలో నలభై జతల బూట్లు. ఉప్మా, టీ అక్కే చేసేది, నాకు డ్యూటీ లేకపోతే నేను అందించేదాన్ని. తర్వాత కళ్ళకి తువ్వాలు కట్టుకుని పడకగదిలో పడుకునేది. కింద పాటలు, పైన ఎండ. ఎవరో ఒకరు తలుపు కొట్టి, “సిస్టర్, చక్కెర ఉందా?” అనేవారు. నాకు కడుపు మండేది. అక్క మాత్రం లేచి చక్కెర ఇచ్చి, మళ్ళీ తువ్వాలు కట్టుకునేది.

ఇంత పెద్ద చికాగోలో వీళ్ళకి హాలు దొరక్క కాదు. అమెరికన్ లూథరన్ చర్చివాళ్ళు మధ్యాహ్నాలు వాడుకోమన్నారు, ఒక స్కూలువాళ్ళు జిమ్ ఇస్తామన్నారు. ఎవరూ కదల్లేదు. ఈలోగా బావకి యూనివర్సిటీ నుంచి ఉత్తరం వచ్చింది. ఎనభై అయిదు మే నెలాఖరులోగా థీసిస్ ఇవ్వకపోతే పేరు కొట్టేస్తారు. బావ రాసుకోగలిగేది శని ఆదివారాలే. శనివారం పాటల సాధన, ఆదివారం ఆరాధన, ఆ రెండు రోజులూ ఆయన బల్ల మీద పాటల పుస్తకాలు, టీ కప్పులు, ఎవరిదో నిద్రపోతున్న పసిబిడ్డ.

“వద్దని చెప్పండి బావగారూ” అన్నాను.

“చెప్పొచ్చు. కానీ ఒకరికి చెబితే రెండోవాళ్ళ వైపు చేరినట్టవుతుంది కదా” అన్నాడు.

“ఇద్దరికీ చెప్పండి.”

“బాగోదమ్మా” అన్నాడు.

ఎనభై నాలుగు మార్చిలో సత్యానందం గారి మేనల్లుడు జగదీష్ బాప్తిస్మానికి ముందుకొచ్చాడు. ఒంగోలులో అయితే ఏ కాలవలోనో ముంచేవారు. ఇక్కడ సరస్సు ఒడ్డంతా మంచు గడ్డకట్టి ఉంది. అందుకని సత్యానందం గారు పిల్లలు ఆడుకునే ప్లాస్టిక్ నీళ్ళతొట్టి, అందులోనూ పెద్ద సైజుది, తెచ్చి మా బేస్‌మెంట్‌లో దింపారు. బట్టలుతికే సింకు నుంచి గొట్టం పెట్టి గోరువెచ్చటి నీళ్ళు నింపారు. బావ తలూపాడని వేరే చెప్పక్కర్లేదు. లూథరన్లు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు, భక్తితో కాదు.

జగదీష్ ఆరడుగుల మనిషి. డెట్రాయిట్ నుంచి వచ్చిన పాస్టరు గారు ఆయన్ని వెనక్కి వాల్చగానే తొట్టి గోడ ఒక పక్క కూలబడింది. నీళ్ళన్నీ ఒక్క ఊపున వెళ్ళి బావ బల్ల కింద చేరాయి. అక్కడే చెప్పుల పెట్టెల్లో ఆరేళ్ళ కార్డులున్నాయి.

తర్వాత అరగంట సేపు మా మహానాయకులు మడమల లోతు నీళ్ళలో నిలబడి వాదించుకున్నారు. మనిషి పూర్తిగా మునిగాడని సత్యానందం గారు, ముక్కు బయటే ఉందని జోసఫ్ గారు. సాక్షుల్ని పిలిచారు. తడిసి వణుకుతున్న జగదీష్‌ని కూడా అడిగారు, ఆయనకి గుర్తులేదట. వాళ్ళ కాళ్ళ మధ్య మా బావ మోకాళ్ళ మీద పాకుతూ కార్డులు ఏరుకుంటున్నాడు. ఒక్కరూ వంగలేదు. నేను నవ్వాల్సిన సంగతి ఇదంతా, కానీ ఆయన్ని అలా చూసి నాకు ఏడుపొచ్చింది.

అలికిడికి అక్క దిగొచ్చింది. తువ్వాలు ఇంకా నుదుటి మీదే ఉంది. తడి కార్డులు ఒళ్ళో వేసుకుని పైకి తీసుకెళ్ళి, వంటింట్లో ఈ గోడ నుంచి ఆ గోడకి తాళ్ళు కట్టి, బట్టల క్లిప్పులతో ఒక్కొక్కటే ఆరేసింది. తాళ్ళు చాలక తన మంచం మీద కూడా పరిచింది. ఆ వారమంతా అక్క సోఫాలో పడుకుంది.

వరద తర్వాత ఇద్దరు నాయకుల ప్రేమా రెట్టింపయింది. “చూశారుగా ముంచితే ఏమవుతుందో, మా వైపు వచ్చేయండి” అన్నారు జోసఫ్ గారు. “మిమ్మల్ని మా సంఘ పెద్దని చేస్తాం బ్రదర్, ఇక్కడ్నుంచి కదలం” అన్నారు సత్యానందం గారు. బావ ఇద్దరికీ తలూపాడు.

సెప్టెంబరులో ఒక సాయంత్రం నేను వంకర తిరిగిన కార్డుల్ని ఇస్త్రీ చేస్తున్నాను. బావ సిరా చెదిరిపోయిన కార్డొకటి పట్టుకుని చాలాసేపు చూశాడు.

“ప్రేమా, రష్యా ఎందుకు వెళ్ళిపోయిందో తెలుసా? ఆ దేశం అక్కర్లేక కాదు. తను లేస్తే ఆ కుర్చీలో అవతలివాడు కూర్చుంటాడనే భయం తీరింది, అందుకని.”

“మంచిది. సత్యానందం గారి భయం ఎప్పుడు తీరుస్తారు?”

ఆయన కార్డు బల్ల మీద పెట్టేశాడు. ఆరేళ్ళుగా చదువుతున్న మనిషికి తన ఇల్లు అప్పుడు కనబడింది. మరునాడే టైపు మిషను ముందు కూర్చున్నాడు. ఈ బేస్‌మెంట్‌లో ఇకమీదట ఏ సంఘం కూటమూ జరగదు, దైవాశీర్వాదం ఏ పక్షంలోనూ చేరడు, ఎవరికీ పెద్దగా ఉండడు. అంతే, ఒకటే కాగితం. తారీకు కూడా ఏరి పెట్టాడు. అక్టోబరు ఇరవై ఆరు, ఆ రోజునే ఆస్ట్రియా తన తటస్థతని చట్టం చేసుకుందట. ఆ శుక్రవారం సాయంత్రం ఇద్దర్నీ పిలిచాడు.

జోసఫ్ గారు చదివి ఒకటే ప్రశ్న వేశారు. “అవతలివాళ్ళకి కూడా ఇవ్వరు కదా?”

సత్యానందం గారు చదివి అదే ప్రశ్న వేశారు.

ఇవ్వనన్నాడు. రెండు నిమిషాల్లో ఇద్దరూ సంతకాలు పెట్టారు. నాలుగేళ్ళ దండయాత్ర శనివారం మధ్యాహ్నానికల్లా ఖాళీ అయిపోయింది. కుర్చీలు, చాపలు, పాటల పుస్తకాలు పోయాయి. హార్మోనియం మాత్రం ఒకరు తీసుకెళ్తే రెండోవారు ఊరుకోరు గనక ఇద్దరూ వదిలేశారు. ఇప్పటికీ మా దగ్గరే ఉంది.

థీసిస్ సంగతి ఇక్కడే చెప్పేస్తాను. గడువుకి మూడు వారాల ముందు ఇచ్చాడు, డాక్టరయ్యాడు. నేను చెప్పాలనుకున్నది ఆ సంతకాల తర్వాతి ఆదివారం గురించి.

ఆ పొద్దున బావ బేస్‌మెంట్ ఊడ్చి, బల్ల తుడిచి, కార్డులు కొత్త పెట్టెల్లో సర్ది, అక్క కోసం మెట్ల దగ్గర కాచుకున్నాడు. అక్క డ్యూటీ నుంచి వచ్చింది. ఆయన కాగితం తీసి మొదటి నుంచి చివరిదాకా చదివాడు. అక్క తెల్ల బూట్లు కూడా విప్పకుండా నిలబడి విన్నది.

“బావుంది. నా సంతకం ఎక్కడండీ?” అంది.

“నీది ఎందుకు రూతూ, నువ్వు ఇంట్లోమనిషివే కదా.”

“ఇల్లెవరిది?”

బావ కాగితం వైపు చూశాడు.

“రష్యావాళ్ళు వెళ్ళిపోయారు. అమెరికావాళ్ళూ వెళ్ళిపోయారు. మీరెప్పుడు వెళ్తారు?” అంది అక్క. కోపంగా కూడా అనలేదు. నిద్ర లేక గొంతు బొంగురుపోయింది, అంతే.

నేను ఏదైనా చురక వేద్దామనుకున్నాను. కానీ నేను కూడా ఆ ఇంట్లో అయిదేళ్ళు ఉప్మా తిన్నదాన్నే. బావ ఈసారి తలూపలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని, “ఇవాళే వెళ్తాను” అన్నాడు. బల్లని ఇద్దరం మెట్ల మీదుగా మోసి వంటింట్లో పెట్టాం. గరాజ్‌లోంచి మంచం తెచ్చాం. పెట్టె మీద టేపు కూడా ఊడలేదు, బావ వంటింటి కత్తితో కోశాడు. అక్క కింద పడుకుని లైటార్పమంది.

గంట తర్వాత తలుపు చప్పుడైంది. జోసఫ్ గారు.

“బ్రదర్, కింద నా శాలువా ఉండిపోయింది. అలాగే ఒక్క అయిదు నిమిషాలు ప్రార్థన చేసుకుని...”

బావ తలుపు సగమే తెరిచి, గడప మీద అడ్డంగా నిలబడ్డాడు.

“కాదండీ, కుదరదు. మా ఆవిడ పడుకుంది” అన్నాడు.

జోసఫ్ గారు నా వైపు చూశారు, నేను బావ వైపు చూశాను. ఆయన మెల్లిగా, చప్పుడు కాకుండా తలుపు వేశాడు. అక్క సాయంత్రం నాలుగింటి దాకా లేవలేదు.