ఎనక ఎవులు కూకుంటారు?

మేస్త్రీ పోయాడన్న కబురు నాకు బస్సులో తెలిసింది. టికిరి వెళ్లే ఉద్యోగుల బస్సులో, కిటికీ పక్కన, ఒళ్లో టిఫిన్ డబ్బా పెట్టుకుని కూర్చున్నాను. కొరాపుట్ ఆసుపత్రి నుంచి ఆయన అన్నకొడుకు ఫోన్ చేశాడు. "తెల్లారగట్ల పోయేడు బాబూ. రాయగడకే తెస్తన్నాం" అన్నాడు. నేను సరే అన్నాను. ఏమైందని పక్క సీటాయన అడిగితే, నా కారు చూసే మెకానిక్ పోయాడని చెప్పాను. "అయ్యో, మరి ఇప్పుడు బండి ఎవరికి చూపిస్తావు?" అన్నాడాయన. తప్పుగా ఏమీ అనలేదు. కానీ ఆ పూట మళ్లీ ఆయన మొహం చూడబుద్ధి కాలేదు.

మీరు మేస్త్రీని చూసి ఉండరు. రాయగడలో టికిరి రోడ్డు మొదట్లో ఒక రేకుల షెడ్డు, దాని వెనకే ఒక గది. పని అక్కడా, పడక ఇక్కడా. సొంతూరు పాలకొండ వైపు. కుర్రతనంలో మాచ్‌ఖండ్ వెళ్లి జీపుల దగ్గర పని నేర్చుకున్నాడు. ఘాటీ రోడ్డు మీద నేర్చుకున్న పనికి మైదానంలో నేర్చుకున్న పని సాటి రాదని ఆయన నమ్మకం. ఈ విషయంలో చాలా పొగరు. భార్య పోయి ఏళ్లయింది, పిల్లలు లేరు. షెడ్డుని రోజుకి మూడుసార్లు తనే ఊడ్చుకునేవాడు. నేల శుభ్రంగా ఉంటే కిందపడ్డ నట్టు దానంతటదే కనిపిస్తుందట. చీపుర్లు మాత్రం టికిరి సంతలో అమ్మే కొండ చీపుర్లే కావాలి. ఆ చీపుర్ల సంగతి మళ్లీ వస్తుంది.

మా ప్రాంతంలో కొన్నాళ్లుగా కుర్రవాళ్లకి ఒక సరదా పట్టుకుంది. కారు కొనగానే దాన్ని నేలకి దగ్గర చెయ్యాలి. కంపెనీ ఇచ్చిన స్ప్రింగులు తీయించి, వాటికంటే పొట్టివి వేయిస్తారు. చక్రానికీ దాని పైనున్న రేకు అంచుకీ మధ్య నాలుగు వేళ్ల సందు కాస్తా రెండు వేళ్లవుతుంది. ఫోటోలో బండి పులిలా కనిపిస్తుంది. నేనూ ఆ ఫోటోలు చూసి పాడైనవాణ్ణే. అప్పటికి నా వయసు కుర్రతనం దాటింది కాబట్టి ఆ సాకు కూడా నాకు లేదు.

అలాంటి స్ప్రింగులు పట్టుకొచ్చిన వాళ్లెవరినైనా మేస్త్రీ ముందు ఒకే మాట అడిగేవాడు. "ఎనక ఎవులు కూకుంటారు?"

ముందు సీట్లో ఉన్నవాడు ఎత్తు నిర్ణయిస్తాడనీ, దెబ్బలు మాత్రం వెనకున్నవాళ్లు తింటారనీ ఆయన లెక్క. ఒకసారి నా ఎదుటే ఒక బడిపంతులు స్ప్రింగుల అట్టపెట్టె తెచ్చాడు. ఎవరు కూర్చుంటారంటే, అమ్మ కూర్చుంటుంది, మోకాళ్ల ఆపరేషన్ అయింది అన్నాడు. మేస్త్రీ ఆ పెట్టెని కాలితో మెల్లగా అవతలికి నెట్టాడు. "మీ అమ్మని తీసుకొచ్చి ఆవిడ నోట సెప్పించండి. అప్పుడు ఏస్తాను" అన్నాడు. పంతులు మళ్లీ రాలేదు.

ఇంకో పట్టింపు కూడా ఉండేది. ఈ పనిని అందరూ బండి దించడం అంటారు. ఆ మాట షెడ్డులో అననిచ్చేవాడు కాదు. "దించేది పాడెని. బండిని కురస సేస్తాం" అనేవాడు. కొత్తవాళ్లు నవ్వితే కోపం వచ్చి, కాసేపు పనిముట్టు ముట్టేవాడు కాదు.

నా పెట్టె తెచ్చిన రోజు నన్నూ అడిగాడు.

"ఎవరూ కూర్చోరు మేస్త్రీ. డ్యూటీకి వెళ్లి రావడం, అంతే. నేనొక్కణ్ణే" అన్నాను.

"షాకబ్జర్లు కూడా తెచ్చేవా, వట్టి స్ప్రింగులేనా?"

"స్ప్రింగులే. షాకబ్జర్లు బాగానే ఉన్నాయి కదా."

ఆయన తల గోక్కున్నాడు. "కంపెనీవోడు దీన్ని పొడుగు స్ప్రింగుకి సరిపడా కట్టేడు బాబూ. నువ్వు పొట్టిది పెడితే ఇది పొద్దస్తమానం సగం ముడుసుకునే ఉంటాది. రోజంతా గొంతుక్కూకున్నోడు ఎన్నాళ్లు పని సేస్తాడు?"

నేను వినలేదు. చాలామంది ఇలాగే తిరుగుతున్నారని వాదించాను. రోజూ టికిరి రోడ్డేనా అని అడిగితే రోజూ అదేనన్నాను. ఆయన జాకీ తీశాడు.

ఆ ఆదివారం ఆయన పని చూడటం నా జీవితంలో మంచి జ్ఞాపకాల్లో ఒకటి. అది చెప్పకపోతే ఆయనకి అన్యాయం చేసినట్టే. స్ప్రింగుకి రెండు పక్కలా పొడుగు మరల కొక్కేలు తగిలించి, ఇటు రెండు చుట్లు, అటు రెండు చుట్లు తిప్పుతూ నొక్కాడు. ఒక పక్కే తిప్పితే అది వంకరై ఎగిరి తగులుతుందట. "నొక్కిపెట్టిన స్ప్రింగుకి ఎదర నిలబడకు. దానికి మనవాడూ పరాయివాడూ తెలవదు" అని నన్ను పక్కకి జరిపాడు. షాకబ్జర్ కడ్డీ మీదుండే రబ్బరుని సగానికి కోసి, కోసిన ముక్కని నా చేతిలో పెట్టాడు. అది కోయకపోతే చిన్న గతుక్కే బండి దాని మీద కూర్చుంటుంది. కోసినా, పెద్ద గతుకులో తగిలేటప్పుడు ఈ ముక్క ఉండదు. "ఇంత మెత్తదనం తగ్గింది. దాసుకో" అన్నాడు. ఆఖరి బోల్టులు బండి జాకీ మీద ఉండగా బిగించలేదు. చక్రాలు నేల మీద ఆని, తన బరువు తను మోసుకున్నాకే బిగించాలట.

తర్వాత ట్రయల్. దానికి ఆయన పద్ధతి వేరు. నన్ను నడపమని, తను వెనక సీట్లో కాళ్లు ముడుచుకుని పడుకున్నాడు. తుండుగుడ్డ మొహం మీద వేసుకున్నాడు. కళ్లు తెరిస్తే గతుకు ముందే తెలిసిపోయి ఒళ్లు సర్దుకుంటుందని ఆయన వాదన. గోతుల రోడ్డు మీద కొంతదూరం పోయి వెనక్కి తిప్పాక, "అడుగు" అన్నాడు.

"ఎలా ఉంది మేస్త్రీ?"

"బాగులేదు. అయినా నువ్వొక్కడివే గదా."

నా పాత స్ప్రింగులకి నూనె రాసి, తీగతో కట్టి గోడ మేకుకి తగిలించాడు. అలా ఆరేడు జతలు అక్కడ వేలాడేవి. బుద్ధొచ్చి తిరిగొచ్చేవాళ్ల కోసమని చెప్పేవాడు. ఒక్కోదానికీ డబ్బా రేకు ముక్క కట్టి రంగుతో రాసేవాడు. రాసేది బండి నంబరో, యజమాని పేరో కాదు. వెనక కూర్చునేవాళ్ల వివరం. నా దానిమీద ఏం రాశాడో ఆ రోజు చదవలేదు. బండిని రోడ్డు మీద నిలబెట్టి ఫోటోలు తీసుకునే హడావిడిలో ఉన్నాను.

రెండేళ్లు బాగానే నడిచింది. షెడ్డు ముందు నుంచి వెళ్తే ఆయన చెయ్యెత్తి ఆపేవాడు. ముందు చక్రం పక్కన చతికిలబడి, లోపలికి వేలు పెట్టి, బయటికి తీసి చూసుకునేవాడు. నాలుగు నెలల కిందట ఆ వేలికి నూనె అంటింది. "ఎడం ముందుది సెమట పడతంది. మార్సీ" అన్నాడు. షాకబ్జర్ లోంచి నూనె కారుతోందని దాని అర్థం. వచ్చే వారం అన్నాను. తర్వాత రెండుసార్లు గుర్తుచేశాడు. రెండుసార్లూ వచ్చే వారమే అన్నాను. మారిస్తే రెండు రోజులు బండి వదలాలి, బస్సెక్కాలి. నా అభ్యంతరం అంతకంటే పెద్దదేమీ కాదు. ఎంత ఆలోచించినా ఇంకో కారణం దొరకదు.

ఇక ఆ సంతరోజు. పొద్దుటి షిఫ్టు దిగి టికిరిలో కారు తీస్తున్నాను. రోడ్డు పక్క టీకొట్టతను పరిగెత్తుకొచ్చి, "బాబు, మిస్త్రీ పడిగలే" అన్నాడు, మేస్త్రీ పడిపోయాడని. చీపుర్ల కట్ట రెండు చేతులా పట్టుకుని బస్సెక్కబోయి, మెట్టు మీంచి వెల్లకిలా పడిపోయాడట. టీకొట్టు బెంచీ మీద పడుకోబెట్టారు. చీపుర్లు పక్కనే ఉన్నాయి. మొహం బూడిదరంగుకి తిరిగింది. నడుము కదపలేకపోతున్నాడు గానీ, నేను ఆయన చెప్పులు విప్పుతుంటే కాలివేళ్లు ముడిచాడు. అది నేను కళ్లారా చూశాను. అంబులెన్సు రావడానికి గంటపైన పడుతుందన్నారు. నా కారుందని నేనే అన్నాను.

ఆయన తల కొంచెం తిప్పి కారు వైపు చూశాడు. తర్వాత నా వైపు చూశాడు.

"దీన్లోనేటి?"

"ఇంకేదీ లేదు మేస్త్రీ."

"సరే. కూకోలేను. తొంగోబెట్టు."

నలుగురం ఎత్తి వెనక సీట్లో పడుకోబెట్టాం. కాళ్లు ముడిచాం. తుండుగుడ్డ తనే మొహం మీదికి లాక్కున్నాడు. ట్రయల్‌కి పడుకున్నట్టే ఉన్నాడు.

వానలు వెళ్లాక ఆ రోడ్డు ఎలా ఉంటుందో ఈ వైపు వాళ్లకి చెప్పక్కర్లేదు. నడిచే మనిషి వేగంతో పోనిచ్చాను. అయినా గొయ్యి గొయ్యే. ఎడమ చక్రం దిగిన ప్రతిసారీ లోపల ఇనుముకి ఇనుము తగిలినట్టు ధడేల్మనేది. కోసేసిన ఆ రబ్బరు ముక్క నా బీరువాలో ఉంది. మొదటి రెండు గతుకులకి ఆయన మూలిగాడు. తర్వాత తుండుగుడ్డ కొస నోట్లో కుక్కుకున్నాడు. అద్దంలో చూడలేక అద్దం పైకి తిప్పేశాను. ఒకచోట ఆపి, నొప్పి సంగతే అడుగుతున్నాననుకుంటూ, "ఎలా ఉంది మేస్త్రీ?" అన్నాను.

గుడ్డ తీసి, "ఎడం ముందుది అయిపోయింది బాబూ" అన్నాడు.

నన్ను తిట్టలేదు. ఎప్పటిలా ఉన్నమాట చెప్పాడంతే. రాయగడ పొలిమేరకి వచ్చాక మళ్లీ ఒక్కసారి మాట్లాడాడు. "కాళ్లు తెలవట్లేదు."

ఆసుపత్రిలో ఎక్స్‌రే తీసి, వెన్నుపూస విరిగిందని చెప్పి, అంబులెన్సులో కొరాపుట్ పంపించారు. డాక్టర్ని పక్కకి పిలిచి నేను ఒకటే అడిగాను, ఇది పడ్డప్పుడు జరిగిందా, దారిలో జరిగిందా అని. పడ్డప్పుడే మొదలై ఉండొచ్చు, దారిలో ముదిరి ఉండొచ్చు, కచ్చితంగా ఎవరూ చెప్పలేరు అన్నాడు. మర్యాదగానే చెప్పాడు. కానీ కాలివేళ్లు ముడవడం చూసింది నేను.

కారుకి గుడ్డ కప్పేసి బస్సెక్కడం మొదలుపెట్టాను. కొరాపుట్‌కీ బస్సులోనే రెండుసార్లు వెళ్లాను. రెండోసారికి ఊపిరితిత్తుల్లో నిమ్ము చేరి మాట బలహీనమైంది. నన్ను చూడగానే, "మార్సేవా?" అన్నాడు.

"మార్చేశాను మేస్త్రీ" అన్నాను. ఆ మంచం దగ్గర లేదని చెప్పే ధైర్యం లేకపోయింది.

"పాతది పారీకు. నాను సూడాల."

ఊడదీసిన ప్రతి వస్తువునీ ఆయన అలాగే చూసేవాడు, ఎందుకు పోయిందో తెలుసుకోడానికి. ఇంట్లో దాచానని చెప్పాను. ఒక అబద్ధానికి ఇంకోటి. మూడు రోజులకి ఆ ఫోన్ వచ్చింది.

నాగావళి ఒడ్డుకి తీసుకెళ్లాం. పాడె మోసే నలుగురిలో నేనొకణ్ణి. ఎవరు ఎక్కడ అని ఎవరూ చెప్పలేదు, తలా ఒక మూల పట్టుకున్నాం. నాకు ఎడమ వైపు ముందుది వచ్చింది. రాళ్లదారిలో అడుగు తడబడకుండా, భుజం కుదపకుండా నడవడానికి ఎంత ప్రయత్నించానో నాకే తెలుసు. ఇప్పుడెందుకు ఆ జాగ్రత్త అని లోపల ఎవరో అంటూనే ఉన్నారు.

సగం దారిలో పెద్దాయన ఒకరు "దించండి" అన్నారు. దించాం. ఆనవాయితీ ప్రకారం అన్నకొడుకు వంగి, చెవిలో "సిన్నాన్నా" అని మూడుసార్లు పిలిచాడు. ప్రాణం ఎక్కడైనా మిగిలుంటే పలుకుతాడని అలా పిలుస్తారు. ఇంకెవరైనా పిలుస్తారా అని పెద్దాయన అడిగారు. నేను మోకాళ్ల మీద కూర్చున్నాను. రెండుసార్లు "మేస్త్రీ" అని పిలిచాను. మూడోసారి, పక్కవాళ్లకి వినపడకుండా, "మార్చలేదు మేస్త్రీ" అన్నాను. చెవిలో దూది ఉంది. మళ్లీ ఎత్తుకున్నాం.

పన్నెండో రోజు వెళ్లాక అన్నకొడుకు షెడ్డు ఖాళీ చేస్తూ కబురు పెట్టాడు. "మీ సామాను తీసుకుపోండి బాబూ. ఏది ఎవులదో నాకు తెలవదు" అన్నాడు. ఎలాగూ ఆ పాత స్ప్రింగులే మళ్లీ వేయించి, షాకబ్జర్లు కొత్తవి పెట్టించాలనుకున్నాను. గుడ్డ తీసి, చాలా రోజుల తర్వాత కారు బయటికి తీసుకెళ్లాను. షెడ్డులో మూలకి చీపుర్ల కట్ట ఉంది. టీకొట్టతను పంపించాడట. ఇంకా తాడు విప్పలేదు.

గోడ మీద రేకు ముక్కలు ఒక్కొక్కటే చదివాను. ఒకదానిమీద "ఇద్దరు గుంటలు", అంటే ఇద్దరు పిల్లలు. ఒకదానిమీద "కడుపుతో ఉన్నాది, పురుడయ్యేక". నావి చివరి మేకుకి ఉన్నాయి. నూనె ఈమధ్యే మళ్లీ రాసినట్టు తడిగా ఉంది. రేకు మీద ఎర్ర రంగుతో, వంకర అక్షరాలతో రాసి ఉంది.

"ఎనక ఎవులూ లేరు."

రాసింది ఆయన చెయ్యి, మాట నాది. ఏడుపు అక్కడ వచ్చింది, అన్ని రోజులకి.

స్ప్రింగుల్ని వెనక సీట్లో పడుకోబెట్టాను. అవి దొర్లకుండా నా తువ్వాలు మడిచి ఆనించాను. మెల్లగా బయల్దేరాను. రైలు గేటు దగ్గర పట్టాలు దాటుతుంటే ఎడమ ముందు చక్రం ధడేల్మంది. వెనక నుంచి మాట కోసం బండి ఆపాను. రేకు ముక్క ఇనుముకి తగిలి కాసేపు గణగణలాడి ఊరుకుంది.