తీర్మానాల పుస్తకంలో మూడో సంతకం

నేను హెడ్మిస్ట్రెస్‌గా రిటైరై మూడేళ్ళయింది. ఇప్పుడు బడి గంటకీ నాకూ సంబంధం లేదు. కానీ పాత విద్యార్థులెవరైనా ఫోన్ చేసి రమ్మంటే మాత్రం కాళ్ళు ఆగవు. కోరుకొండ అవతల ఒక పల్లెలో సోషల్ మాస్టారుగా ఉన్న శ్రీను నా దగ్గర చదువుకున్నవాడే. "మేడమ్, శుక్రవారం మా తొమ్మిదో తరగతి పిల్లలు నమూనా గ్రామసభ చేస్తున్నారు. సర్పంచీ వాళ్ళే, కార్యదర్శీ వాళ్ళే, ప్రజలూ వాళ్ళే. మీరొచ్చి రెండు ముక్కలు మాట్లాడాలండి" అన్నాడు. నా రెండు ముక్కలంటే అరగంటని వాడికి తెలుసు. అయినా పిలిచాడు.

సామర్లకోటలో ఏడూ పదికి రావలసిన రైలు ఏడున్నరకి వచ్చింది. కిటికీ పక్కన సీటు దొరికింది గానీ, నా చూపు ఎదుటి కుర్రాడి పుస్తకం మీదికే పోయింది. గ్రూప్ టూకి చదువుతున్నాడట. పంచాయతీరాజ్ అధ్యాయమంతా పచ్చరంగు పూసి పెట్టుకున్నాడు. ఏ కమిటీ ఏం సిఫారసు చేసిందో అడిగితే తడుముకోకుండా చెప్పాడు.

"మీ ఊళ్ళో గ్రామసభకి ఎప్పుడైనా వెళ్ళావా నాన్నా?" అన్నాను.

"అది బిట్‌లో రాదు కదండీ" అని నవ్వేశాడు.

నాకు ఒళ్ళు మండింది. ద్వారపూడి దాటేదాకా అతనితో మాట్లాడలేదు. కడియం వచ్చేసరికి కోపం తగ్గింది. పాఠాన్ని బిట్లు బిట్లుగా కోసి పెట్టింది మా టీచర్లమే కదా, పాపం ఆ పిల్లాడినెందుకు అనడం.

ఎనిమిదీ నలభైకి రాజమండ్రిలో దిగి, ఆటోలో బస్ కాంప్లెక్సుకి వెళ్ళాను. ఎదురుగా ఉన్న చిన్న హోటల్లో పెసరట్టు తిన్నాను. అల్లప్పచ్చడి ఘాటుకి కళ్ళనీళ్ళు తిరిగాయి, అయినా రెండోసారి వేయించుకున్నాను. తొమ్మిదింబావుకి కోరుకొండ బస్సు. ఆడవాళ్ళకి ఆధార్ చూపిస్తే సున్నా టికెట్టు. నా పక్కన కూర్చున్న ముసలావిడ కార్డుని పాలిథిన్ కవరులోంచి తీసి, కండక్టరు చూశాక మళ్ళీ కవరులో పెట్టి, కవరుని రుమాల్లో చుట్టి బొడ్డులో దోపుకుంది. "డబ్బులు పోతే మళ్ళీ సంపాదించుకోవచ్చండి, ఇది పోతే ఆఫీసుల చుట్టూ తిరగాలి" అంది. ఆవిడ అనుభవం ఏమిటో అడుగుదామనుకునేలోగా దిగిపోయింది.

పది కావస్తుండగా కోరుకొండ కొండా, దాని మీద నరసింహస్వామి గుడీ కనిపించాయి. వెళ్ళదలచిన వాళ్ళు పొద్దున్నే మెట్లెక్కడం మంచిది, ఎండెక్కితే రాయి కాలుతుంది. నేను కింద నుంచే దణ్ణం పెట్టుకుని షేరాటో ఎక్కాను. ఇరవై రూపాయలు, ఇరవై నిమిషాలు. దారికి రెండు వైపులా వరి, మధ్య మధ్య కోళ్ళఫారాలు.

బడి వరండాలో పిల్లలు గోనెపట్టాలు పరిచి సభ సిద్ధం చేశారు. ఊరి పంచాయతీ కార్యదర్శి కూడా వచ్చి ఉన్నాడు. ముప్పై ఏళ్ళు దాటని కుర్రవాడు, మర్యాదగా లేచి కుర్చీ ఇచ్చాడు. పదకొండింటికి కార్యక్రమం మొదలైంది. మొదలవగానే ఒక నోటుబుక్కు చేతులు మారసాగింది. ప్రతి పిల్లా, ప్రతి పిల్లాడూ సంతకం పెట్టి పక్కవాళ్ళకి అందిస్తున్నారు. చివరికి అది నా దగ్గరికి వచ్చింది. చూస్తే పై సగమంతా తెల్లకాగితం, కింద నలభై సంతకాలు!

"ఇదేంట్రా, ఇంకా ఏమీ మాట్లాడుకోలేదు, ఏమీ రాయలేదు. దేనికి ఈ సంతకాలు?" అన్నాడు శ్రీను.

సర్పంచి వేషంలో ఉన్న పిల్లాడు కండువా సర్దుకుంటూ, "రాసేది తర్వాత సార్. మా ఊళ్ళో ముందు సంతకాలేనండి" అన్నాడు, మాస్టారికి తెలియని సంగతి చెబుతున్నట్టుగా.

అందరం నవ్వాం. కార్యదర్శి కూడా నవ్వాడు గానీ చెవులు ఎర్రబడ్డాయి. పిల్లలకి చూపించడానికని తెచ్చిన అసలు తీర్మానాల పుస్తకం సంచిలోంచి తీశాడు. "అలా కాదమ్మా, తీర్మానం ఎలా రాస్తారో ఇందులో చూడండి. కార్యదర్శి ఎవరు మీలో? నువ్వు చదువు" అని ఒక పేజీ తెరిచి ఇచ్చాడు.

కార్యదర్శి వేషం మౌనికది. రెండు జడల పిల్ల, గొంతు ఖంగుమంటుంది. నిలబడి చదివింది. "వెనకవీధి కుళాయి వాడుకలో లేనందున, దానిని పాలకేంద్రం వద్దకు మార్చుటకు సభకు హాజరైన వారందరూ ఏకగ్రీవంగా ఆమోదించడమైనది." తర్వాత సంతకాల మీద వేలు పెట్టి ఒక్కొక్క పేరూ చదవబోయింది. ఒకటి, రెండు. మూడో దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇది మా అమ్మదండి" అంది. పుస్తకంలోంచి తలెత్తి, "మా అమ్మ ఈ మీటింగుకి రాలేదండి. ఆ కుళాయి మా ఇంటి ముందుదే. వాడుకలో లేకపోవడమేంటండి, మేం దాని నీళ్ళే తాగేవాళ్ళం" అంది.

రోజూ పొద్దున్న ప్రార్థన అయిపోయాక పరుగెత్తుకొచ్చే నలుగురు ఆడపిల్లలూ వెనకవీధి వాళ్ళేనని శ్రీను నాకు తర్వాత చెప్పాడు. రెండు నెలలుగా పాలకేంద్రం దాకా వెళ్ళి నీళ్ళు మోసి వస్తున్నారు. ఆలస్యమైనందుకు తనే వాళ్ళని ఎండలో నిలబెట్టాడట. అది చెప్పేటప్పుడు వాడి మొహం చూడలేకపోయాను.

నేను ఇవ్వవలసిన ఉపన్యాసం గురించి ఎవరూ అడగలేదు. నేనూ గుర్తు చేయలేదు.

మధ్యాహ్నం పిల్లలతో పాటే పప్పన్నం, గుడ్డు తిన్నాం. చేతులు కడుక్కుంటుండగా కబురందిన మౌనిక తల్లి దుర్గ వచ్చింది. కలుపు తీస్తూ వచ్చినట్టుంది, కాళ్ళకి బురద ఇంకా ఆరలేదు. వస్తూనే కూతురి మీద విరుచుకుపడింది. "పదిమందిలో నా పేరు చదువుతావా? రేపు ఉపాధి పనికి మన పేరు రాయకపోతే నువ్వు పెడతావా కూడు?"

మౌనిక తల వంచుకుంది. నేను దుర్గని పక్కన కూర్చోబెట్టుకుని, ఆ సంతకం ఎలా పెట్టిందని అడిగాను.

"పనికెళ్తుంటే గుమ్మం దగ్గర పుస్తకం ఇచ్చారండి. పేజీ ఖాళీగానే ఉంది. వేలిముద్ర వేస్తావా అనడిగితే, కాదండి, సంతకం పెడతానన్నాను. వేసవి సెలవుల్లో ఈ పిల్లే నేర్పింది. అప్పటిదాకా ఎక్కడా పెట్టే పని పడలేదు. అదే మొదటిసారండి." గాల్లో వేలితో రాసి చూపించింది. "ఎంత సంబరంగా పెట్టానో తెలుసాండి! రెండుసార్లు చూసుకున్నాను, బాగా వచ్చిందా లేదా అని."

కార్యదర్శి లేచి నిలబడ్డాడు. "అమ్మా, సభకి జనం తక్కువైతే ఇంటింటికీ పుస్తకం తిప్పడం ఇక్కడ నేను రాకముందు నుంచీ ఉన్న అలవాటు. నేనూ అదే చేశాను. తప్పే. మీరు అర్జీ రాసి మండలంలో ఒక కాపీ ఇవ్వండి. వచ్చే సభలో ఈ తీర్మానం నేనే మళ్ళీ పెడతాను. మీ పేరుకి ఏ ఇబ్బందీ రాదు" అన్నాడు. ఆ మాట అందరి ముందూ అనడానికి అతనికి ఎంత కష్టమైందో కనిపిస్తూనే ఉంది. దుర్గ నమ్మిందో లేదో చెప్పలేను గానీ, కూతురి వైపు తిరిగి, "సరే, రాయి" అంది.

అర్జీ మౌనిక రాసింది. దుర్గ రెండుసార్లు చదివించుకుంది. రెండోసారి "తాగునీరు" అన్న చోట ఆపి, "పశువులక్కూడా అని రాయి" అంది. అది చేర్చాకే సంతకం పెట్టింది.

మూడింటికి ఒకే షేరాటోలో కోరుకొండ వచ్చాం. నాకు బస్సు, ఆవిడకి మండలాఫీసు. తోడు వెళ్ళాను. గుమాస్తా అర్జీ తీసుకుని, తేదీ ముద్ర వేసి, ఒక పెద్ద రిజిస్టరు ముందుకు జరిపి, "ఇక్కడ సంతకం పెట్టమ్మా" అన్నాడు. దుర్గ పెన్ను అందుకుంది కానీ పెట్టలేదు.

"ఇందులో ఏం రాసుందండి?"

"ఏం లేదమ్మా, కాగితం ఇచ్చినట్టు."

"అది చదవండి బాబూ."

గుమాస్తా తలెత్తి ఆవిడని చూశాడు. వెనక ఇంకో ఇద్దరు నిలబడి ఉన్నారు. అయినా వేలు పెట్టి, తేదీ, పేరు, ఊరు, విషయం అన్నీ నెమ్మదిగా చదివాడు. అప్పుడు సంతకం పెట్టింది. ఈసారి బాగా వచ్చిందో లేదో చూసుకోలేదు.

నాలుగున్నర బస్సులో రాజమండ్రి చేరి, ఐదూ నలభై రైలు పట్టుకున్నాను. రద్దీగా ఉంది, అనపర్తి దాకా నిలబడే ఉన్నాను. ఇలాంటి కార్యక్రమం ఎక్కడైనా జరిగితే తప్పకుండా వెళ్ళి చూడండి, పిల్లలు నేర్చుకునేదానికన్నా మనకి నేర్పేదే ఎక్కువ. కానీ ఆ రోజు నాకు తృప్తి కలగలేదు.

సీటు దొరికి కూర్చున్నాక నా సొంత బడి గుర్తొచ్చింది. తల్లిదండ్రుల కమిటీ సమావేశాలు ఎన్ని జరిపించానో! తల్లులకి కూలి డబ్బులు పోతాయని, గేటు దగ్గరే రిజిస్టరు పెట్టి సంతకాలు తీసుకుని పంపించేసేదాన్ని. అదేదో మేలు చేస్తున్నాననే అనుకున్నాను. తీర్మానాలు సాయంత్రం నా గదిలో కూర్చుని, నా ముత్యాల్లాంటి అక్షరాలతో నేనే రాసేదాన్ని. ఒక తల్లి పేరు రాయడానికి చాలాసేపు పట్టేది. వెనక వాళ్ళు ఆగుతున్నారని, "ఏదో ఒకటి గీసెయ్యమ్మా, చాలు" అన్నాను. ఆవిడ గీసేసి వెళ్ళిపోయింది.