ఎనిమిదో మూల

ముందే ఒట్టు పెట్టి చెబుతున్నాను, ఇందులో ప్రతి అక్షరం నిజం. నా కోతలు తెలిసినవాళ్ళు నవ్వుతారని తెలుసు. కూకట్‌పల్లిలో మా వీధివాళ్ళు సగం మంది నేను ఎదురైతే ఇప్పటికీ పక్క సందులోకి తిరుగుతారు. అయినా దయ్యాలను మాత్రం నేనెప్పుడూ నమ్మలేదు. మిఠాయి కొట్టువాడికి మిఠాయి మీద మోజుంటుందా? దయ్యాల కథలు అల్లేవాడి సంగతీ అంతే.

తొంభయ్యో దశకం చివర. మాదాపూర్‌లో బండలు పగలగొట్టి అద్దాల మేడలు లేపుతున్న రోజులు. ఆ దుమ్ములోనే ఒక చిన్న కంపెనీలో నా ఉద్యోగం. ఆఫీసు వెనక షెడ్డులో ఒక గది ఉండేది. గోడలు, కప్పు, నేల, తలుపు అన్నీ లోహపు రేకులే. మేం దాన్ని డబ్బా అనేవాళ్ళం. లోపల రేడియో తరంగాలు వదిలితే బయటికి పోలేక గోడల మధ్య కొట్టుకులాడేవి. పప్పుగుత్తి పప్పును కలిపినట్టు, ఒక పెద్ద లోహపు రెక్క మెల్లగా తిరుగుతూ వాటిని కలిపేది. ఏదైనా యంత్రాన్ని అందులో పెట్టి, ఆ తాకిడికి తట్టుకుంటుందో లేదో చూసేవాళ్ళు.

దానికి ముందు, తరంగాల బలం అన్నిచోట్లా ఇంచుమించు ఒకేలా ఉందని రుజువు చేయాలి. గది నడుమ ఒక పెట్టె ఉందనుకుని, దాని ఎనిమిది మూలల దగ్గరా బలం ఎంతో తేల్చాలి. కంప్యూటరులో లెక్క కట్టడం నా పని. నిజంగా కొలవడం దేవదానం పని. ఆయన్ని నేను అన్నా అని పిలిచేవాణ్ణి.

అన్న లింగంపల్లి నుంచి సైకిలు మీద వచ్చేవాడు. నలభై దాటిన మనిషి. ఏడాదిగా తాత్కాలిక ఉద్యోగం. ఈ కొలతలు బాగా వస్తే నెలాఖరుకు పర్మనెంటు చేస్తామన్నారు.

"నువ్వు తెర మీద జూస్తవు తమ్మీ, నేను డబ్బాల జొర్రి జూస్త. ఎవరిది నిజమో జర లోపటికొచ్చి అడుగు" అని నన్ను ఆటపట్టించేవాడు.

ఆ శుక్రవారానికి ఏడు మూలల లెక్క తేలింది. అప్పటి కంప్యూటరు ఒక్కో మూలకు ఒక పూట తినేది. ఎనిమిదోది నడుస్తుండగా కరెంటు పోయింది, ఫైలు పాడైంది. చూద్దాంలే అని ఇంటికి పోయాను. శనివారం నేను ఆఫీసుకే రాలేదు. ఆ రోజే అన్న ఎనిమిది మూలలూ కొలిచి, కాగితాన్ని షెడ్డు బీరువాలో పెట్టి తాళం వేసుకుని వెళ్ళాడు.

సోమవారం తొమ్మిదింటికి మేనేజరు మూర్తిగారు రిపోర్టు అడిగారు. మళ్ళీ లెక్క కట్టే వ్యవధి లేదు. ఎనిమిదో గడిలో ఏదో ఒక అంకె పడాలి. బల్ల మీద నా అద్దె గది తాళంచెవి ఉంది. దాని మీద 4173 అని చెక్కి ఉంది. నడుమ చుక్క పెట్టి 41.73 అని కొట్టాను. మిగతా మూలలూ నలభైకి అటూ ఇటూగానే ఉన్నాయి. పైన శుక్రవారం తేదీ వేసి, నేరుగా ఆయన చేతికిచ్చాను. ఆయన దాన్ని సొరుగులో పెట్టుకున్నారు.

పదింటికి అన్న తన కాగితం తెచ్చాడు. మూర్తిగారు రెండూ పక్కపక్కన పరిచారు. ఏడు మూలల్లో నా లెక్కకూ ఆయన కొలతకూ తేడాలున్నాయి, ఎప్పుడూ ఉండేటట్టే. చివరి అంకె దాకా రెండూ కలవడం మా పనిలో ఎవరూ చూడనిది.

ఎనిమిదో మూల దగ్గర అన్న కాగితంలోనూ 41.73 అని ఉంది.

జేబులో చెయ్యి పెట్టి తాళంచెవిని తడుముకున్నాను.

"ఏమండీ దేవదానం, ఏడు మూలలయ్యేసరికి నడుం పట్టేసిందా? ఎనిమిదోది మావాడి బల్ల మీంచి ఎక్కించేశారా?" అన్నారు మూర్తిగారు. శుక్రవారం నుంచీ రిపోర్టు నా బల్ల మీదే ఉందని ఆయన నమ్మకం.

"ఏంది సారూ గట్లంటరు? ఆ మూల కిందికుంటది, బోర్ల పండుకొని కొలిచిన. తమ్మి కాగితం నా కంట్లనే పడలే. అడుగున్రి."

ఇద్దరూ నా వైపు చూశారు.

శుక్రవారం ఆ అంకె లేదని తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. అది పుట్టి గంట. ఆ మాటంటే అన్న బయటపడతాడు, నేను మునుగుతాను. ఆయన కొలతను నేనే దొంగిలించాననుకుంటారు. తాళంచెవి కథ ఎవరు నమ్ముతారు, అదీ నా నోటి నుంచి?

అయినా లేచాను. తాళంచెవి బల్ల మీద పెట్టి ఉన్నదంతా చెప్పేశాను. మూర్తిగారు దాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, నన్ను నాలుగు తిట్టి, అన్నకు క్షమాపణ చెప్పుకున్నారు. నెలాఖరుకు అన్న పర్మనెంటయ్యాడు. ఎక్కడ కనబడినా నవ్వుతాడు.

తరువాత ఎనిమిదో మూలను బుద్ధిగా లెక్క కట్టాను. 38.06 వచ్చింది. అంటే నా పని నేను సరిగ్గా చేసి ఉంటే ఆ రెండూ కలిసేవే కావు. కాకతాళీయం అంటారు స్నేహితులు. కావచ్చు. డబ్బాలోని తరంగాలకూ, కూకట్‌పల్లిలో ఒక తాళంచెవికీ ఏం సంబంధమో ఈనాటికీ నాకు అంతుపట్టలేదు.

ఇక ఒట్టు సంగతి. అది తప్పాను.

తాళంచెవి నిజం. అంకె నిజం. నేను లేవడం మాత్రం కల్పించాను. ఈ సంగతి ఎందరికో చెప్పాను, చెప్పిన ప్రతిసారీ లేచి నిలబడ్డాను. ఆ రోజు లేవలేదు. వాళ్ళిద్దరూ నా వైపు చూసినప్పుడు, "నా రిపోర్టు శుక్రవారానిదే సార్" అన్నాను. తాళంచెవి జేబులో నా గుప్పిట్లోనే ఉంది.

ఆ మధ్యాహ్నమే అన్నను రేపటి నుంచి రావద్దన్నారు. వెళ్ళేముందు కొలిచే పరికరాన్ని మెత్తటి గుడ్డతో తుడిచి పెట్టెలో సర్దాడు. సైకిలుకు టిఫిన్ క్యారియర్ తగిలించుకుంటూ ఆగాడు.

"రెక్క కిర్రుమంటున్నది తమ్మీ. జర నూనె ఎయ్యి, యాది మర్వకు."

"సరే అన్నా" అన్నాను.